రాయి కొట్టిన ఇంటికి రాతి చదువు

డిగ్రీ సీట్ల దరఖాస్తుల రోజుల్లో మా పక్క ఊరి వాడలో ఒక ఇంటి ముందు తగువు నడిచింది. తగువు పడింది తల్లీ కూతుళ్లు, మధ్యలో ఇరుక్కున్నది నేను. పిల్ల నా దగ్గర పదో తరగతి దాకా చదివింది. ఇంటర్ లెక్కల గ్రూపు మంచి మార్కులతో పాసైంది. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కబోతున్న మొదటి మనిషి. "సార్, నేను జియాలజీ ఉన్న డిగ్రీ చదువుతా, తర్వాత యూనివర్సిటీకి పోతా" అన్నది. అదేం చదువని తల్లి అడిగింది. రాళ్ల గురించి, భూమి లోపలి సంగతుల గురించి అని పిల్ల చెప్పింది. ఆ మాట వినగానే తల్లి చేతిలో చేట కింద పెట్టేసింది.

"మా నాయిన బాయిలు తవ్విండు సారూ. ఈ పిల్ల నాయిన క్రషర్ల పని చేసి దగ్గి దగ్గి పోయిండు. నేను కంకర తట్ట మోసిన. మా బతుకులన్నీ రాళ్ల మీదనే పాయె. గిప్పుడు కాలేజీకి పోయి గూడ రాళ్ల సదువేనా? కంప్యూటరో, నర్సో సదివితే నాలుగు రాళ్లు సంపాదిస్తది గదా!"

నాకు అక్కడికక్కడ జవాబు రాలేదు. ఆమె మాటలో అబద్ధం లేదు. ఈ దేశంలో రాయిని కొట్టే పని కొన్ని కులాలకు, రాయిని చదివే పని కొన్ని కులాలకు పంచిపెట్టారు. గడ్డపార మన చేతికిచ్చి పుస్తకం వాళ్లు ఉంచుకున్నారు. తరాలుగా గడ్డపార పట్టిన ఇల్లు దాని పేరెత్తితేనే ఉలిక్కిపడటం న్యాయమే. కానీ పని పీడను వదిలించుకునే తొందరలో ఆ పనికి సంబంధించిన విద్యను కూడా వాళ్లకే వదిలేస్తే నష్టపోయేది ఎవరు? ఆ తల్లికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ పక్షం సంపాదకీయంగా రాస్తున్నాను. ఇలాంటి తల్లులు ప్రతి వాడలో ఉన్నారు కాబట్టి.

ముందు అసలు ఈ చదువేమిటో చెప్పుకుందాం. భూగర్భశాస్త్రం అంటే జియాలజీ. ఏ రాయి ఎట్లా పుట్టింది, ఎన్నేళ్లది, దాని పక్కన ఏముంది, కింద ఏముంది, నీరెక్కడ నిలుస్తుంది, ఖనిజమెక్కడ దొరుకుతుంది అని తేల్చేది. భూభౌతికశాస్త్రం అంటే జియోఫిజిక్స్. భూమిని తవ్వకుండానే లోపల చూసే విద్య. డాక్టరు కడుపు కోయకుండా స్కానింగ్ తీసినట్టే, వీళ్లు నేలలోకి కరెంటు పంపి చూస్తారు, నేల మీద దెబ్బ కొట్టి లోపలి పొరల నుంచి తిరిగొచ్చే అదురును వింటారు, అయస్కాంత బలాన్నీ గురుత్వ బలాన్నీ కొలుస్తారు. చమురు, బొగ్గు, యురేనియం, నీళ్లు, భూకంపాలు అన్నీ ఈ రెండు శాస్త్రాల లెక్కలోకే వస్తాయి.

ఈ శాస్త్రాలు మన దేశానికి నిన్న మొన్న వచ్చినవి కావు. భూమిని సర్వే చేసే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తెల్లదొరల కాలంలో, 1851లో మొదలైంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1949లోనే భూభౌతికశాస్త్రానికి ప్రత్యేక శాఖ పెట్టింది. 1961లో హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వచ్చింది. ఉస్మానియాలో రెండు శాస్త్రాలూ ఉన్నాయి. అంటే మన గడప ముందే ఈ చదువుంది. ఇన్నేళ్లుగా ఆ గేటు ముందు నుంచే మనోళ్లు కూలి బస్సు ఎక్కి పోయారు. లోపల ఏం చెప్తారో మనకు ఎవరూ చెప్పలేదు.

ఆ పుస్తకాలు తెరిస్తే మన నేల పేర్లే కనబడతాయి. తూర్పు కనుమల్లో ఒక రకం రాయికి ప్రపంచమంతా వాడే పేరు ఖోండలైటు. ఒడిషా, ఆంధ్ర కొండల్లో బతికే ఖోండు ఆదివాసుల పేరు మీద 1902లో వాకర్ అనే దొర పెట్టిన పేరది. ప్రపంచంలో ఏ భూగర్భశాస్త్ర తరగతిలోనైనా ఆ మాట వినిపిస్తుంది. ఆ తరగతుల్లో ఖోండు పిల్లలు మాత్రం ఎంతమంది కూర్చున్నారు? రాయికి పేరిచ్చిన జాతికి బెంచీ మీద చోటు దొరకలేదు. కడప, కర్నూలు పేర్లతో రాతి వరసలున్నాయి. ఇల్లెందు దగ్గర బొగ్గును 1871లో సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని రాసి ఉంది. సింగరేణి పల్లెల్లో చెప్పే కథ వేరు. భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయని చెప్తారు. మంట చూసినవాళ్లు పేరులేని జనం. పుస్తకంలో పేరు దొరది.

మనకు తెలివి లేదని ఎవడైనా అంటే నమ్మొద్దు. మన ముసలోళ్లకు నేల తెలుసు. రేగడి ఎక్కడ ఆగి చెలక ఎక్కడ మొదలైతదో, చౌడు ఎక్కడ పొంగుతదో, మొరం ఎన్ని గజాలు దిగినంక గట్టిరాయి తగులుతదో బాయి తవ్వినోళ్లు చేతి దెబ్బతో చెప్పేవాళ్లు. రాయి మీద సమ్మెట పడితే వచ్చే చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే వడ్డెర పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. పలుగురాయి, సుద్ద, నాపరాయి, బలపంరాయి, కాకిబంగారం - ఇవి మన నోట్లో ఉన్న మాటలే. యూనివర్సిటీలో వీటికే క్వార్ట్జ్, లైమ్‌స్టోన్, మైకా అని పేర్లు. మన పెద్దల తెలివికి కొలత లేదు, రాత లేదు, పట్టా లేదు. కాబట్టి దాన్ని కూలీ అన్నారు. కొలత, రాత, పట్టా ఉన్న తెలివిని శాస్త్రం అన్నారు. ఇప్పుడు మన పిల్లలు రెండింటినీ ఒక చేత పట్టాలి.

"అది సరే, ఈ చదువు వాడకేం పనికొస్తుంది?" అని అడిగేవాళ్లకు మా ఊరి బోరు కథ చెప్తాను.

మా జిల్లా నల్లగొండ. నేలంతా గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి. ఈ రాయిలో నది పారినట్టు నీరు పారదు. పైన మెత్తబడిన మొరం పొరలో, దాని కింద పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు మూసుకుపోతాయి. సాధారణంగా 100 మీటర్లలోపే దొరికేదంతా దొరుకుతుంది. అందుకే అప్పు చేసి 800, 1000 అడుగులు దింపినా దుమ్మే లేస్తుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది చిన్న రైతులు బోర్లకు బలయ్యారో మనకు తెలుసు. కొబ్బరికాయ నిలబెట్టేవాడికి, వేపపుల్ల తిప్పేవాడికి వేల రూపాయలు పోసి, బోరు లారీవాడికి అడుగుల లెక్కన కట్టి, చివరికి పురుగుల మందు డబ్బా పట్టుకున్నారు.

నీటి జాడ చూడటానికి భూభౌతికశాస్త్రంలో ఒక పద్ధతుంది. అర్థం చేసుకోవటానికి పెద్ద కష్టం లేదు. ఒకే వరసలో నాలుగు ఇనుప మేకులు నేలలో దిగ్గొడతారు. బయటి రెండింటి ద్వారా కరెంటు పంపుతారు. లోపలి రెండింటి మధ్య మీటరు పెట్టి చూస్తారు. తడి ఉన్న మొరం కరెంటును సులువుగా పోనిస్తుంది. పగులు లేని గట్టి గ్రానైటు అడ్డుకుంటుంది. బయటి మేకులు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు తెలుస్తుంది. అయితే ఎంత లోతు చూడాలంటే దానికి మూడు నాలుగు రెట్ల పొడవున తీగ పరచాలి. 60 మీటర్ల లోతు చూడాలంటే 200 మీటర్ల పైన చక్కటి వరస కావాలి. జిగట బంకమన్ను, ఉప్పునీరు కూడా కరెంటును పోనిస్తాయి కాబట్టి మీటరు చెప్పిందాన్ని నేల చూసి సరిపోల్చుకునే బుర్ర కూడా ఉండాలి.

మా వాడకు బోరు మంజూరైనప్పుడు ఒక అధికారి ఈ మీటరు పట్టుకొని వచ్చాడు. వాడలో 200 మీటర్ల సూటి వరస ఎక్కడుంటుంది? ఇంటి చూరుకు ఇంటి చూరు తగిలే వాడ మనది. తీగ పరచాలంటే పక్కనున్న పెద్దరైతు చేనులోకి పోవాలి. ఆయన ఒప్పుకోలేదు. వాడోళ్ల బోరుకు నా చెల్కల మేకులెందుకన్నాడు. అధికారి ఆయనింట్లో చాయ తాగి వచ్చి, వాడ చివర ఒక చోట చెప్పు కాలితో గీత గీసి "ఇక్కడ వేయండి" అన్నాడు. 400 అడుగులు దింపితే బూడిద లేచింది. రికార్డులో మాత్రం శాస్త్రీయంగా సర్వే చేసినట్టు రాసుకున్నారు. ఆ రోజు మా దగ్గర ఆ మీటరు సంగతి తెలిసిన ఒక్క పిల్లవాడున్నా "సార్, మీరు రీడింగు తియ్యలేదు, వరస పరచలేదు, కాగితం చూపించండి" అనేవాడు. అనేవాడు లేక బోరు ఎండింది. మేకు దిగాల్సిన చోట కులం దిగింది.

ఇక నీళ్లు పడిన చోట సంగతి. ఫ్లోరైడు. దక్షిణాదిలో ఈ పీడను మొదట గుర్తించి వైద్య పత్రికలో రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. వంగిన నడుములు, పచ్చబడ్డ పళ్లు, మెలిదిరిగిన కాళ్లు. మన పిల్లల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. దీన్ని దేవుడి శాపమన్నారు, పూర్వజన్మ కర్మ అన్నారు. కర్మ కాదు, రాయి. గ్రానైటులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. నీరు ఆ రాయిని ఎంతకాలం ఒరుసుకొని ఉంటే అంత ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. నీళ్లలో సున్నం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇది తెలిస్తే ఒకే ఊర్లో ఒక బోరు నీళ్లు తాగొచ్చు, ఇంకోటి వద్దు అని వేరుచేయగలం. వాన నీటిని భూమిలోకి ఇంకించి పలచబరచవచ్చు. మిషన్ భగీరథ పైపులు వచ్చాక చాలాచోట్ల బాధ తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పైపు ఆగిన రోజున వాడ మళ్లీ పాత బోరు దగ్గరికే పోతుంది.

పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచ పుస్తకాల్లో ఉన్న పేరేమిటో తెలుసా? నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే చెప్పుకుంటారు. మన రోగం జిల్లా పేరుతో సహా శాస్త్రంలోకి ఎక్కింది. ఆ శాస్త్రం రాసేవాళ్లలోకి మన పిల్లలు ఎక్కాలి.

ఆ పిల్ల తండ్రి దగ్గు సంగతి కూడా ఇందులోనే ఉంది. గ్రానైటులో కనీసం ఐదో వంతు పలుగు ఉంటుంది. క్రషర్‌లో లేచే ఆ పలుగు దుమ్ము కంటికి కనపడనంత సన్నగా ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే పాతుకుంటుంది. దాని పేరు సిలికోసిస్. వచ్చాక పోయే జబ్బు కాదు. చాలాసార్లు టీబీ అని చీటీ రాసి మందులిచ్చి పంపుతారు. టీబీ అంటే వాడి ఖర్మ. సిలికోసిస్ అంటే యజమాని బాధ్యత, నష్టపరిహారం. ఒక్క పేరు మారితే డబ్బు ఎవరు కట్టాలో మారిపోతుంది. ఏ క్వారీలో ఏ రాయి, దానిలో ఎంత పలుగు అని కాగితం మీద రాసివ్వగల మనిషి మన పక్షాన ఉంటే ఆ తల్లి ఇవాళ చేతులు ఖాళీగా కూర్చునేది కాదు.

అసలు పెద్ద యుద్ధం గనుల దగ్గరుంది. మనవాళ్లకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములు ఎక్కడుంటాయి? గుట్టల పక్కన, రాళ్ల దొరువుల్లో, పంట పండని చోట. పంట పండదని మనకిచ్చిన ఆ గుట్ట కింద గ్రానైటు ఉందని, సున్నపురాయి ఉందని తెలిసిన మర్నాటి నుంచి కార్లు వస్తాయి. చీమకుర్తి నల్లరాయి విదేశాలకు పోయింది. కడప వైపు మంగంపేట ముగ్గురాయి చమురు బావులు తవ్వడానికి దేశదేశాలకు పోయింది. మన పట్టా మీద మన పేరుంటుంది, కింద ఏముందో చెప్పే మ్యాపు మాత్రం ఇంకొకడి బీరువాలో ఉంటుంది. మ్యాపు ఉన్నవాడికి మన భూమి విలువ మనకన్నా ముందు తెలుస్తుంది.

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు నోటీసివ్వాలి. నివేదిక సారాంశం మన భాషలో ఇవ్వాలి. చట్టం బాగానే ఉంది. షామియానా వేస్తారు, పోలీసులు నిలబడతారు, కలెక్టరు ఆఫీసు వాళ్లు వస్తారు. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. అందులో భూగర్భజలాల అధ్యాయంలోనే అసలు సంగతి దాగుంటుంది. గని ఎంత లోతు పోతే చుట్టుపక్కల బావులు ఎంత దిగుతాయి, వ్యర్థాల చెరువు నుంచి ఊట ఏ వైపు పోతుంది అని. మనవాళ్లు లేచి "మా భూములు పోతాయి, మా నీళ్లు పోతాయి" అంటారు. నిజమే అంటారు. రాసుకునేవాడు "ఉద్యోగాలు కావాలని కోరారు" అని రాసుకుంటాడు. ఒక్కరు లేచి "ఫలానా పేజీలో ఊట పడమరకు పోతుందని రాశారు, మా వాడ పడమరనే ఉంది, మా బావులెందుకు పరీక్షించలేదు?" అని అడిగితే ఆ ప్రశ్నను తుడిచేయడం కష్టం.

పోరాడితే గెలవలేమా? గెలిచాం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. విశాఖ మన్యం ఆదివాసుల పోరాట ఫలం అది. నల్లమలలో యురేనియం తవ్వకాల మీద చెంచులు, పల్లెలు లేచి నిలిస్తే 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేయాల్సి వచ్చింది. మా జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు తండాల వాళ్లు 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణలో ఎదురు తిరిగారు. ఈ పోరాటాలన్నింటిలో మనవైపు శాస్త్రం మాట్లాడినవాళ్లు ఎక్కువగా బయటి నుంచి వచ్చిన మంచివాళ్లు. వాళ్లకు దండాలు. ఎన్నాళ్లు అరువు తెచ్చుకుందాం?

ఇంకొక మాట. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. పాత లీజుదారులు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో పొందినవాళ్లు 10 శాతం ఆ నిధికి కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పెట్టిన డబ్బది. మీ జిల్లాలో ఆ డబ్బు ఎవరి వీధిలో సిమెంటు రోడ్డయిందో ఎప్పుడైనా అడిగారా? ఏ ఊరు దెబ్బతిన్నదో నిర్ణయించేది కూడా మ్యాపు పట్టినవాడే.

రాయిని లెక్కచేయకపోతే చచ్చేది ఎప్పుడూ కూలోడే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. నీళ్లు, బురద మీద పడి 8 మంది లోపల చిక్కుకున్నారు. నెల దాటి వెతికినా ఇద్దరి దేహాలే బయటికి వచ్చాయి. కూలిన తర్వాత దేశంలోని భూగర్భ, భూభౌతిక శాస్త్రజ్ఞులందరినీ పిలిచారు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు దగ్గర కిల్లారిలో భూమి కదిలింది. దక్కను పీఠభూమి గట్టిది, ఇక్కడ భూకంపాలు రావు అనుకున్న చోట వేలమంది నిద్రలోనే రాతి గోడల కింద పడి చచ్చిపోయారు. మన గోదావరి లోయ కూడా ఊరికే లేదు. 1969లో భద్రాచలం వైపు, 2024 డిసెంబర్ 4న ములుగు వైపు భూమి కదిలి చూపించింది. గోడ ఎట్లా కట్టాలి, సొరంగం ఎక్కడ ఆపాలి అని చెప్పేవాళ్లలో లోపల పనిచేసేవాడి కొడుకో కూతురో ఉండాలి.

బాబాసాహెబ్ ఈ సంగతి చాలా ముందే చూశాడు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో, మన పిల్లలకు కావలసింది సైన్సు, సాంకేతిక విద్యల్లో పెద్ద చదువులని, అవి ఖరీదైనవి కాబట్టి సర్కారే భరించాలని వాదించాడు. మనవాళ్లు ఇవాళ తీసుకుంటున్న పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో, 1943 డిసెంబర్‌లో ఆయన ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి కింద పనిచేసే కూలీల స్థితి కళ్లారా చూశాడు. ఆయన విగ్రహం ప్రతి వాడలో ఉంది. ఆయన దిగిన గనిలోకి ఇంజనీరుగా, శాస్త్రజ్ఞుడిగా దిగిన మనవాడు ఏ వాడ నుంచి పోయాడో లెక్కపెట్టుకోవాలి.

యూనివర్సిటీలో దారి పూలదారి కాదు. మన పిల్లలకు ముందే చెప్పి పంపాలి. తెలుగు మీడియం నుంచి పోతే మొదటి ఏడాది ఇంగ్లీషు పేర్లే గుండె గుభేలుమనిపిస్తాయి. పక్క బెంచీవాడు గడగడా చదువుతుంటే తనకు తెలివి లేదనుకుంటాడు. తెలివి లేక కాదు, భాష కొత్త. ఒక ఆరు నెలలు పళ్లబిగువున నిలబడాలి. ఇంకొకటి ఫీల్డు వర్కు. ఈ చదువులో సగం గుట్టల మీదే. సుత్తి, కంపాసు, భూతద్దం, బూట్లు, క్యాంపు ఖర్చులు కావాలి. క్యాంపులో పల్లెల్లో ఉండాలి, కలిసి తినాలి, కలిసి పడుకోవాలి. అక్కడే ఇంటిపేరు అడుగుతారు. ఊర్లోవాళ్లు ముందు ఏ కులమని అడిగి తర్వాత మంచినీళ్లిస్తారు. నా స్నేహితుడొకడు చదువుకునే రోజుల్లో డబ్బుల్లేక క్యాంపు ఎగ్గొట్టి, ఆ పేపరు పోగొట్టుకొని, ఏడాది వెనకబడ్డాడు. స్కాలర్‌షిప్ పరీక్షలు అయ్యాక వస్తే ఏం లాభం? ఆడపిల్లలకు ఇంకో గోడ. గుట్టలెక్కే చదువు మగవాళ్లదని మాస్టర్లే అంటారు. 2019లో భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆడవాళ్లను అనుమతించారు. తట్టలు మోసేటప్పుడు అడ్డం రాని ఆడతనం సుత్తి పట్టుకుంటేనే అడ్డమొస్తుందా?

ఒక కార్యకర్త మిత్రుడు నన్ను సూటిగా అడిగాడు. "మన పిల్లడు జియాలజిస్టయి కంపెనీ టోపీ పెట్టుకొని మన గుట్ట మీదికే వస్తే?" వస్తాడు. కొంతమంది తప్పకుండా వస్తారు. కడుపు కోసం చేసే ఉద్యోగాన్ని నేను తప్పు పట్టను. నేనూ జీతగాణ్నే. 1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ల మీద పడిన బాధ మనకు తెలియంది కాదు. దానికి మందు చదివించకపోవడం కాదు. చదువుకునే రోజుల్లో వాడితో సంబంధం తెగకుండా చూసుకోవడం. ఊరు వాడిని గుర్తుపెట్టుకుంటే, వాడికి ఊరు గుర్తుంటుంది. కంపెనీలో ఉన్నవాడు కూడా రాత్రిపూట ఫోను చేసి "ఫలానా పేజీ చదవండి" అని చెప్పగలడు. వందమందిలో పదిమంది మనవైపు నిలబడినా మనకిప్పుడున్నదానికన్నా ఎక్కువే.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. కంప్యూటర్ చదువుకున్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవు. డిగ్రీతో ఆగితే లాభం లేదు, ఎమ్మెస్సీ దాకా పోవాలి. ఆ తర్వాత దారులున్నాయి. కేంద్రంలో యూపీఎస్సీ నడిపే జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. జియలాజికల్ సర్వేకు, కేంద్ర భూగర్భజల మండలికి అక్కడి నుంచే తీసుకుంటారు. మామూలుగా 32 ఏళ్ల వయసు హద్దు, ఎస్సీ ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు, ఫీజు లేదు. గేట్ పరీక్షలో జియాలజీ, జియోఫిజిక్స్‌కు విడి పేపరుంది. కొన్ని సంస్థలు ఆ మార్కులు చూసి పిలుస్తాయి. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరాలంటే జామ్ పరీక్ష రాయాలి. ధన్‌బాద్‌లో 1926 నుంచి ఉన్న గనుల విద్యాలయం ఇప్పుడు ఐఐటీ. మన రాష్ట్రాల్లో ఉస్మానియా, ఆంధ్ర, తిరుపతి వేంకటేశ్వర, కడప యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుంది. భూభౌతికానికి లెక్కలు, భౌతికశాస్త్రం గట్టిగా ఉండాలి. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి కూడా అటు పోవచ్చు.

సంఘాల వాళ్లకు నా మనవి. జయంతికి దండలేసే ఖర్చులో కొంత తీసి నాలుగు పనులు చేయండి. దరఖాస్తుల రోజుల్లో మండలానికొక మనిషిని కూర్చోబెట్టి, ఏ కాలేజీలో జియాలజీ ఉందో చూసి పిల్లలకు చెప్పండి. చేరిన పిల్లలకు సుత్తి, కంపాసు, క్యాంపు ఖర్చు సంఘం తరఫున ఇప్పించండి. పెద్ద మొత్తమేం కాదు, ఒక సభ మైకు ఖర్చు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు వాళ్లతో ఊరి బావులన్నీ కొలిపించండి. ఏ బావి ఎంత లోతు, ఏ నెలలో నీళ్లెక్కడున్నాయి, ఏ బోరులో ఫ్లోరైడెంత అని ఒక నోటుబుక్కు వాడలో ఉండాలి. రేపు గని వస్తే ఆ నోటుబుక్కే మన సాక్షి. ఎక్కడ ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడ్డా నివేదిక తెప్పించి ఈ పిల్లల చేత చదివించండి. బాయి తవ్విన పెద్దమనుషుల్ని, కాలేజీ పిల్లల్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టండి. వాళ్ల మాటలకు వీళ్లు పేర్లు పెడతారు, వీళ్ల పేర్లకు వాళ్లు అర్థం చెప్తారు.

ఆ తల్లి దగ్గరికి మొన్న మళ్లీ పోయాను. ఇక్కడ రాసిందంతా చెప్పలేదు. ఒక్కటే చెప్పాను. "అక్కా, నీ పెనిమిటి ఏ దుమ్ముతో పోయిండో రాసిచ్చేటోళ్లు లేక మనకు పరిహారం రాలేదు. నీ బిడ్డ రాసిచ్చే చదువు చదువుతానంటోంది." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "గా సదువు చదివితే తట్ట మొయ్యదు గదా?" అని అడిగింది. మొయ్యదన్నాను. "గుట్టకు పోతే మంచినీళ్లు ఎవరిస్తరు?" అని అడిగింది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. బాటిలు పట్టుకొని పోతుందన్నాను. ఆమె నవ్వలేదు, కాదనలేదు. దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులుంది.

మంచినీళ్లు ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు యూనివర్సిటీ చెప్పదు. అది మనం ఊర్లో తేల్చుకోవాల్సిన లెక్క. ఆ లెక్క తేలేలోపు పిల్లల చదువు ఆపకండి. రెండూ ఒకేసారి నడవాలి.

జై భీమ్.